సముద్రం లేని ఊరికి తుపాను కబురు

బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కళింగపట్నం, గోపాల్‌పూర్ల మధ్య ఎక్కడో తీరం దాటితే మన పత్రికల్లో దాని కథ అక్కడితో అయిపోతుంది. వాయవ్యంగా కదిలి బలహీనపడిందని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ వాయవ్యంలోనే ఛత్తీస్‌గఢ్ ఉంది, దాని రాజధాని రాయ్‌పూర్ ఉంది. బలహీనపడిందంటున్న ఆ గుండమే అక్కడ రెండు మూడు రోజులు వాన దంచుతుంది. రాయ్‌పూర్ మైదానంలో పడిన నీరు ఖారూన్, శివనాథ్ నదుల మీదుగా మహానదిలో చేరి హీరాకుడ్ వైపు పోతుంది. బస్తర్‌లో పడింది ఇంద్రావతి, శబరి వెంట గోదావరిలో కలుస్తుంది. తుపాను, అంటురోగం, కార్చిచ్చు వంటి ఆపదల మీద దేశం కన్నేసి ఉంచడం ఎలా మొదలైందో, ఎవరి కోసం మొదలైందో తీరంలో కంటే ఈ లోతట్టు ఊళ్లో నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

మొదలైంది ఓడల కోసం. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నెల తిరక్కముందే నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు ముంచేశాయి. బందరు ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. మరుసటేడు కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ దానికి తొలి అధికారి. రేవుల్లో పగలు స్తంభాల మీద గుర్తులు ఎగరేసేవారు, రాత్రిళ్లు లాంతర్లు వేలాడదీసేవారు. ఇవాళ టీవీలో వినే 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' ఆ ఏర్పాటుకు వారసురాలే. అది నావికుడికి చెప్పే కబురు. ఒడ్డున గుడిసెలో ఉన్నవాడికి చెప్పే కబురు కాదు. ఆ తేడా ఎంత ప్రాణాంతకమో మరో నూట పదమూడేళ్లకు దివిసీమలో తేలింది.

లోతట్టున సర్కారుకు కావలసింది వేరు. అక్కడ వానంటే శిస్తు, వాన లేకపోతే కరువు. బ్లాన్‌ఫోర్డ్ 1880ల్లో హిమాలయాల మంచును బట్టి రుతుపవనాల అంచనా చెప్పడానికి పూనుకున్నది 1876-78 నాటి మహాకరువు దెబ్బ తర్వాతే. 1896-97లో, మళ్లీ 1899-1900లో కరువు ఛత్తీస్‌గఢ్‌ను పీల్చేసింది. 1904లో వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ ఆ ముడి విప్పబోయి, పసిఫిక్ మహాసముద్రం మీది గాలి పీడనానికీ మన వానలకూ ఉన్న లంకెను పట్టుకున్నాడు.

పరికరాల కథ ఇదైతే, మనుషుల కథ ఇంకోటి ఉంది. నా మటుకు నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, రాయ్‌పూర్ జిల్లాతో సహా, ప్రతి ఊరికీ ఒక కోత్వార్ ఉండేవాడు. మన తలారి లాంటివాడు. రాత్రి గస్తీ, దండోరా, అమీన్లకు దారి చూపడం అతని పనులు. వాటితోపాటు ఊళ్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, దేనితో పోయారు అన్నది పుస్తకంలోకి ఎక్కించుకుని ఠాణాకు చేరవేయాలి. చదువు రానివాడైతే మరొకరితో రాయించుకోవాలి. ఆ పుస్తకం చంకన పెట్టుకుని వాగులు దాటుకుంటూ నడిచి వెళ్లేవాడు. ఠాణా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి నాగపూర్‌కు అంకెలు ఎక్కేవి. కలరా, ప్లేగు, మశూచి తప్ప మిగతా రోగాలు అతని చేతిలో చాలావరకు 'జ్వరం' అయిపోయేవి. కలరా లెక్క పైకి చేరేసరికి కలరా వేరే ఊరు పట్టేది. అయినా వ్యాధుల మీద నిఘా అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకునేదానికి పునాది ఆ కోత్వార్ నడకే. అతనికి దక్కిందల్లా కాస్త మాన్యం, కొంత ధాన్యం.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే అంటువ్యాధుల చట్టం తెచ్చారు. అధికారాలు ధారాళంగా ఇచ్చిన ఆ చిన్న చట్టంలో ముందుగా పసిగట్టే ఏర్పాటు ఊసే లేదు. దాన్నే 2020లో కొవిడ్‌కు మళ్లీ బయటికి తీశాం. మధ్యలో 1994 సూరత్ ప్లేగు ప్రపంచం ముందు పరువు తీశాక గాని, జిల్లాల నుంచి క్రమం తప్పకుండా సమాచారం రాబట్టాలన్న ఆలోచన గట్టిపడలేదు. 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త అనుమానాన్ని ఒక ఫారంలో, డాక్టరు తన అంచనాను మరో ఫారంలో, ల్యాబు తన నిర్ధారణను మూడోదానిలో వారానికోసారి పంపాలి. తర్వాత అది ఆన్‌లైన్‌కు మారింది.

ఛత్తీస్‌గఢ్ ఇక్కడ ఢిల్లీ కంటే ఒక అడుగు ముందుంది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది, 2002లోనే పల్లెపల్లెనా మితానిన్లనే మహిళా ఆరోగ్య కార్యకర్తలను ఎంపిక చేయడం మొదలుపెట్టింది. ఆశా కార్యకర్తలు దేశమంతటా రావడానికి అది మూడేళ్ల ముందు. 2020లో మొదలైన మలేరియా రహిత బస్తర్ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి వేలు గుచ్చి పరీక్షలు చేశారు. జ్వరం లేనివాళ్లకు కూడా చేశారు. ఒంట్లో పరాన్నజీవిని పెట్టుకుని హాయిగా పొలం పనికి పోతున్నవాళ్లు గుంపులుగా బయటపడ్డారు. జ్వరమొచ్చి ఆసుపత్రికి వచ్చినవాళ్లనే లెక్కపెట్టే పద్ధతి వీళ్లను ఏనాటికీ చూసేది కాదు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమలో కనిపెట్టింది ఆ మలేరియా క్రిమినే. అక్కడి నుంచి బస్తర్ గడప దాకా రావడానికి నూటికి పైగా ఏళ్లు పట్టింది.

ఆకాశం సంగతికి తిరిగొద్దాం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో 10 వేల మందికి పైగా బలి తీసుకుంది. 1990 మేలో కోస్తాను కొట్టిన తుపానులో మృతులు వెయ్యికి లోపే. 2013 ఫైలిన్‌కు ఆంధ్ర, ఒడిశా తీరాలు ముందే ఖాళీ చేయించారు, అంత పెద్ద తుపానులోనూ చావులు పదుల్లోనే ఆగాయి. ఉపగ్రహాలు, రాడార్లు, షెల్టర్లు, 2005 విపత్తు నిర్వహణ చట్టం అన్నీ తలా ఒక చెయ్యి వేశాయి. రాడార్లు మాత్రం తీరం వెంబడే ముందు వెలిశాయి. రాయ్‌పూర్‌కు చాలా ఏళ్లు నాగపూర్, విశాఖ రాడార్లే దిక్కు. భూమి గుండ్రంగా ఉంది కనుక రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది. 250 కిలోమీటర్లు పోయేసరికి ఐదారు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద మేఘంలో ఏం జరుగుతోందో కనపడదు. వరి నాట్ల వేళ పిడుగులు పడి మనుషులు పోయే రాష్ట్రంలో ఇది చిన్న లోటు కాదు.

అడవి మంటలది మరీ చిత్రమైన సంగతి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే 2004 నుంచి ఉపగ్రహాలతో మంటలను గుర్తిస్తోంది. మొదటి పరికరం కిలోమీటరు ముక్కగా చూసేది, తర్వాత వచ్చినది 375 మీటర్ల ముక్కగా చూస్తోంది. ఎక్కడ మంట కనపడితే ఆ బీటు గార్డు ఫోనుకు మెసేజీ పోతుంది. అయితే ఉపగ్రహాలు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకటి వెళతాయి, రాత్రి మళ్లీ అలాగే. రెంటి నడుమ అంటుకుని ఆరిపోయిన మంట లెక్కలోకి రాదు. ఈ మంటల్లో చాలావాటిని అంటించేది మనుషులే, అదీ బతుకుతెరువు కోసం. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఏరలేరు, అందుకే చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికాకు లేత చిగురు వేయాలని పొదలు కాలుస్తారు. ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా అటవీ శాఖ 'మంటల కాలం' అంటుంది. ఏరేవాళ్లకు అదే గంపలు నిండే కాలం. చెట్టు కింద పరుచుకోవడానికి ఒక వల చేతికిస్తే చాలా మంటలు పుట్టనే పుట్టవు. ఆ పనికి ఉపగ్రహం అక్కర్లేదు.

మన వైపు నుంచి ఛత్తీస్‌గఢ్‌కు పోయిన ఏర్పాట్లూ ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ 2011లో అక్కడికి చేరింది. అటు నుంచి మనకొచ్చేది మాత్రం నీరూ, ఆ నీటి కబురూ. ఇంద్రావతి మీద పాతగూడెం, శబరి మీద కోంటా దగ్గర కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలుస్తుంది. పాతగూడెం మట్టాన్ని కూడా చూసి భద్రాచలంలో ఎంత వరద రాబోతోందో లెక్కగడతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయి. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కోంటా మీదుగా భద్రాచలం వచ్చే జాతీయ రహదారి ఆ జూలైలో మునిగింది.

కోంటాలో మాత్రం అది పైనుంచి వచ్చిన వరద ఒక్కటే కాదు. గోదావరి పోటెత్తితే కూనవరం దగ్గర శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుకొస్తుంది. పోలవరం కట్టాక ఇది ఇంకా పెరుగుతుందని ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టుకెక్కింది, ఒడిశా అంతకు నాలుగేళ్ల ముందే వెళ్లింది. ఇన్నాళ్లూ పైవాళ్లు చెబితే కిందివాళ్లు విన్నారు. ఇప్పుడు కోంటావాళ్లు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా తేల్చుకోవాలంటే ఎగువన జగదల్‌పూర్ వాన లెక్కతోపాటు దిగువన పోలవరంలో 48 గేట్లలో ఎన్ని ఎత్తారో కూడా తెలియాలి. ఒక రాష్ట్రంలో పుట్టే ఆ అంకె గంట ఆలస్యం కాకుండా ఇంకో రాష్ట్రంలోని పంచాయతీకి చేరవేయాలి.