కారు వెనుక చిన్న ఇల్లు: తేలికపాటి ట్రావెల్ ట్రైలర్ ఎవరికి లాభం, ఎవరికి భారం?

ట్రైలర్ అంటే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి ట్రాక్టర్ వెనుక కట్టే ట్రాలీ, రెండోది సినిమా ప్రచార చిత్రం. అమెరికా, ఐరోపాల్లో మాత్రం ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, దీపాలు అందులోనే ఉంటాయి. దానికి సొంత ఇంజిన్ ఉండదు. మన దగ్గర సినిమా షూటింగుల్లో కనిపించే కారవాన్‌కూ దీనికీ ప్రధాన తేడా అదే.

కేరళ, మహారాష్ట్ర 2021లో కారవాన్ పర్యాటక విధానాలు ప్రకటించాక ఈ తరహా ప్రయాణాల మీద మన దేశంలోనూ ఆసక్తి పెరిగింది. ఇంజిన్ ఉన్న కారవాన్ కొనాలంటే ఖర్చు ఎక్కువ. దాంతో ‘ఉన్న కారుకే ఓ చిన్న ట్రైలర్ తగిలిస్తే సరిపోదా?’ అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఇక అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నేషనల్ పార్కుల దారిలో ఇవి రోజూ కనిపించేవే. కొనేముందు తేల్చుకోవాల్సిన లెక్కలు ఇక్కడైనా అక్కడైనా ఒకటే.

ఏది చిన్నది, ఏది తేలిక?

చిన్న ట్రైలర్లలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది టియర్‌డ్రాప్. పక్క నుంచి చూస్తే కన్నీటి బొట్టులా ఉంటుంది. లోపల ఇద్దరు పడుకునే చోటు మాత్రమే ఉంటుంది, నిలబడటానికి వీలుండదు. వెనుక తలుపు పైకెత్తితే చిన్న వంటిల్లు. 1930ల నుంచే అమెరికాలో చాలామంది వీటిని ఇంట్లోనే తయారు చేసుకునేవారు. రెండోది ఫైబర్‌గ్లాస్ గుల్ల. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్ ట్రైలర్ ఈ తరహాకు పేరు తెచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో తయారయ్యే స్కాంప్ ఆ కోవలోదే. 13 అడుగుల స్కాంప్ ఖాళీ బరువు అమరికను బట్టి సుమారు 550 నుంచి 700 కిలోల వరకు ఉంటుంది. మూడోది పాపప్. ప్రయాణంలో పెట్టెలా ముడుచుకుని, ఆగిన చోట గుడారంలా పైకి లేస్తుంది.

లాభాలు ఎక్కడున్నాయి?

మొదటి లాభం కారు స్వేచ్ఛ. గమ్యం చేరాక ట్రైలర్‌ను ఒకచోట నిలిపి, కారు విప్పుకుని ఊళ్లోకి వెళ్లొచ్చు. ఇంజిన్ ఉన్న కారవాన్‌లో పాల ప్యాకెట్ కోసం కూడా ఇల్లంతా కదలాల్సిందే. రెండోది నిర్వహణ. ట్రైలర్‌కు ఇంజిన్, గేర్‌బాక్స్ ఉండవు కాబట్టి చెడిపోయేవి తక్కువ. కారు షెడ్డుకు వెళ్లినా ఇల్లు మిగిలే ఉంటుంది. మూడోది చేతికి లొంగే బరువు. చదునైన నేల మీద చిన్న ట్రైలర్‌ను విప్పి, ఇద్దరు కలిసి నెట్టి పక్కకు పెట్టొచ్చు.

ఈ చివరి లాభం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా అవసరం. పొట్టి ట్రైలర్‌ను రివర్స్ చేయడం పొడవైన దానికంటే కష్టం. స్టీరింగ్ కాస్త తిప్పగానే అది చప్పున అడ్డం తిరుగుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఘాట్ రోడ్డులోనో ఇరుకు వీధిలోనో చిక్కుకుంటే ఆదుకునేది దాని తక్కువ బరువే.

బ్రోషర్ బరువు, రోడ్డు మీది బరువు

అమ్మకందారు చెప్పే బరువు సాధారణంగా ఖాళీ ట్రైలర్‌ది. 550 కిలోల ట్రైలర్‌నే తీసుకుందాం. 60 లీటర్ల నీళ్లు నింపితే 60 కిలోలు. మన ఇళ్లలో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే, ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ మరో 30. గిన్నెలు, సరుకులు 40, పరుపులు, బట్టలు, కుర్చీలు 50 అనుకుందాం. అన్నీ కలిపితే 210 కిలోలు. ట్రైలర్ ఇప్పుడు 760 కిలోలకు చేరింది.

ఈ తేడాతో చట్టాలు, కారు పరిమితులు రెండూ మారిపోతాయి. ఐరోపాలో 750 కిలోలు దాటే ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. అమెరికాలో అమ్మే హోండా సీఆర్‌వీ లాగగలిగేది గరిష్ఠంగా 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. టయోటా సియెన్నా వ్యాన్‌కు 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,588 కిలోలు. పైన చెప్పిన ట్రైలర్ ఖాళీగా ఉన్నప్పుడు సీఆర్‌వీకి సరిపోతుంది. సామాను నింపాక సరిపోదు. సియెన్నాకు అది ఇబ్బందే కాదు. ఒకే పేరున్న కారుకు ఒక్కో దేశంలో ఒక్కో పరిమితి ఉండొచ్చు. కాబట్టి విదేశీ వీడియోలో చూసిన అంకెను మన కారుకు వర్తింపజేయకూడదు. మాన్యువల్‌లో లాగే సామర్థ్యం రాసి లేకపోతే, ఆ పనికి కారును సిద్ధం చేయలేదనే అనుకోవాలి.

దీనితో పాటు కొక్కెం మీద పడే బరువు కూడా ఉంది. అమెరికా పద్ధతిలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు వెనుక కొక్కెం మీద ఉండాలి. 760 కిలోల ట్రైలర్‌కు అది 76 నుంచి 114 కిలోలు. అంటే డిక్కీలో ఇంకో పెద్దమనిషి కూర్చున్నట్టే. నలుగురు మనుషులు, వాళ్ల సామానుతో పాటు ఈ బరువునూ కారు మోయగలగాలి.

ఊగితే ఏం చేయాలి?

సామానంతా ట్రైలర్ వెనుక భాగంలో పేరిస్తే కొక్కెం మీది బరువు తగ్గుతుంది. అప్పుడు పక్క నుంచి లారీ దూసుకెళ్లినా, పక్కగాలి కొట్టినా ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పెరిగితే కారునే తిప్పేస్తుంది. వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట ప్రమాదకరం. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని, వేగం తగ్గనివ్వాలి. సడన్ బ్రేకు వేయకూడదు. ఆగాక సామాను ముందుకు సర్దాలి. బరువైన వస్తువులు ఇరుసుకు దగ్గరగా, కాస్త ముందువైపు ఉండాలి.

వేగం సంగతీ అంతే. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరుగుతుంది. బ్రేకులు ఆపాల్సిన శక్తి మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఆ భారమంతా కారు మీదే. ఆటోబాన్‌లో చాలా చోట్ల కార్లకు వేగ పరిమితి లేని జర్మనీలో సైతం ట్రైలర్ లాగే కారు 80 దాటకూడదు. ప్రత్యేక ఆమోదం పొందినవాటికే 100 వరకు అనుమతి.

ఇంధనం విషయంలో చాలామంది బరువునే చూస్తారు. హైవే వేగంలో అసలు ఖర్చు గాలిని చీల్చుకుని వెళ్లడానికే. అందుకే కారు ఎత్తును మించని టియర్‌డ్రాప్, అంతే బరువున్న ఎత్తైన ట్రైలర్ కంటే తక్కువ తాగుతుంది. ఎలక్ట్రిక్ కారుకు ఎత్తైన ట్రైలర్ తగిలిస్తే ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం సగానికి దగ్గరగా పడిపోవచ్చు.

మన ఎండ, మన వాన

చల్లని దేశాల కోసం పుట్టిన ఈ పల్చటి గోడల పెట్టె మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. 100 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 1.2 యూనిట్ల కరెంటు. లెడ్ యాసిడ్ అయితే అందులో సగమే వాడుకోవాలి. టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. అంటే బ్యాటరీ మీద ఏసీ గంట నడవడమే గొప్ప. 20 వాట్ల ఫ్యాన్ రాత్రంతా తిరిగినా ఖర్చయ్యేది 0.16 యూనిట్. మంచి ఎండలో 100 వాట్ల సోలార్ పలక రోజుకు ఇచ్చే కరెంటుతో ఫ్యాన్, దీపాలు, ఫోన్లు నడుస్తాయి. ఏసీ కావాలంటే బయటి కరెంటు కనెక్షన్ ఉండాల్సిందే. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సుఖం, ఏప్రిల్, మే నెలల్లో పరీక్ష.

వానాకాలంలో శత్రువు అతుకుల్లోంచి దిగే నీరు. చెక్క చట్రం మీద రేకులు బిగించిన ట్రైలర్లో నీరు దిగితే లోపలే కుళ్లుతుంది. అతుకులు తక్కువగా ఉండే ఫైబర్‌గ్లాస్ గుల్లలకు ఎక్కువ కాలం గిరాకీ నిలవడానికి కారణం ఇదే.

రోడ్డు, చట్టం, మజిలీ

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. సొంతానికి వాడే క్యాంపర్ ట్రైలర్ ఒక తరగతి, అద్దెకు తిప్పేది మరో తరగతి. వెల్డింగ్ షాపులో చేయించుకున్న దాన్ని నేరుగా రోడ్డెక్కిస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ ముందు నిలబడటం కష్టం. కొనకముందే ఆర్టీఓ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ గురించి, కారు బీమా సంస్థ దగ్గర కొక్కెం గురించి అడిగి తెలుసుకోవాలి. ట్రైలర్ కదులుతున్నప్పుడు అందులో ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

అంతకంటే పెద్ద ప్రశ్న రాత్రి ఎక్కడ ఆగాలన్నది. అమెరికాలో క్యాంపు స్థలాల్లో కరెంటు ప్లగ్గు, నీళ్ల కొళాయి, మరుగు ఖాళీ చేసే చోటు దొరుకుతాయి. మన దగ్గర అలాంటి ఏర్పాట్లు ఇంకా అరుదు. ధాబా ముందో పెట్రోల్ బంకులోనో కుటుంబంతో నిద్రపోవడం అందరికీ కుదరదు. అడవి దారుల్లో నిబంధనలు వేరే. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇల్లు వెంట ఉంది కదా అని నల్లమలలో ఎక్కడంటే అక్కడ ఆగడం కుదరదు.

రాత్రికి ఎంత పడుతుంది?

ధర కంటే వాడే రాత్రుల సంఖ్యే లాభనష్టాలను తేలుస్తుంది. ఒక ట్రైలర్‌ను 8 లక్షలకు కొని, ఐదేళ్ల తర్వాత 4 లక్షలకు అమ్మారనుకుందాం. ఏడాదికి 80 వేలు తరుగుదల. బీమా, టైర్లు, నిలిపే చోటు కలిపి మరో 20 వేలు అనుకుంటే ఏడాదికి లక్ష. ఏడాదికి 10 రాత్రులు వాడితే రాత్రికి 10 వేలు. ఆ డబ్బుకు కుటుంబమంతా మంచి హోటల్లో ఉండొచ్చు. 40 రాత్రులు వాడితే 2,500. అపార్టుమెంట్లో ఉండేవారికి నిలిపే చోటు దొరకడమే మొదటి అడ్డంకి. కదలకుండా నిలిపినా టైర్ల రబ్బరు పాతబడుతూనే ఉంటుంది.

కాబట్టి ఏడాదికి రెండు సెలవు ప్రయాణాలు చేసే కుటుంబానికి అద్దె మేలు. పొలంలోనో తోటలోనో నిలిపే చోటు ఉండి, ఒకే మజిలీలో నాలుగైదు రోజులు గడిపే ఇద్దరికి, తక్కువ ఎత్తున్న టియర్‌డ్రాప్ చక్కగా సరిపోతుంది. రోజుకో ఊరు మారేవారికి, చిన్న పిల్లలతో వెళ్లేవారికి, వేసవిలోనే సెలవు దొరికేవారికి ఇది భారమే. అమెరికాలోని కుటుంబాలకు మజిలీల బెంగ తక్కువ. వాళ్లు ముందుగా చూసుకోవాల్సింది కారు పరిమితినే.

ఎవరైనా సరే, కొనేముందు అలాంటి దాన్నే ఒక వారం అద్దెకు తీసుకుని, నీళ్లు, గ్యాస్, సామాను అన్నీ నింపి, హైవే పక్కనుండే వేబ్రిడ్జి మీద తూయించాలి. కారు మాన్యువల్‌లోని అంకెతో పోల్చి చూడాల్సింది ఆ కాటా చీటీలోని అంకెనే.