విదేశీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ప్రవేశ నిరాకరణ

వేరొక దేశంలో ఉద్యోగం చేస్తున్న భర్తను గానీ, భార్యను గానీ చూడడానికి వెళ్ళిన వ్యక్తిని ఆ దేశపు అధికారులు విమానాశ్రయం వద్ద లేదా సరిహద్దు వద్ద లోనికి అనుమతించకుండా తిప్పి పంపడాన్ని ప్రవేశ నిరాకరణ అంటారు. వీసా ఇవ్వకపోవడం వేరు, వీసా ఉన్నవారికి ప్రవేశం ఇవ్వకపోవడం వేరు. మొదటిది ప్రయాణానికి ముందే తెలుస్తుంది. రెండవది గమ్యం చేరిన తరువాత తెలుస్తుంది కనుక దాని వలన కలిగే నష్టం ఎక్కువ. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు చేస్తున్న అమెరికా సంయుక్త రాష్ట్రాల విధానం ఈ వ్యాసంలో ప్రధానంగా వివరించబడినది.

వీసాకు, ప్రవేశానికి గల భేదం

వీసాను విదేశాంగ శాఖకు చెందిన కాన్సులేట్ జారీ చేస్తుంది. అది ఆ దేశపు ద్వారం వరకు వెళ్ళి ప్రవేశం కోరడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. లోనికి పంపాలా, వద్దా అన్నది 2003లో ఏర్పడిన కస్టమ్స్ మరియు సరిహద్దు రక్షణ విభాగపు అధికారి నిర్ణయిస్తారు. అనుమతించినప్పుడు ఎంతకాలం ఉండవచ్చునో ఐ-94 అనే పత్రంలో నమోదు చేస్తారు. విమాన ప్రయాణికులకు 2013 నుండి ఇది ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నది.

1952 నాటి వలస మరియు జాతీయతా చట్టంలోని 214(బి) విభాగం ప్రకారం, తాత్కాలికంగా వచ్చే విదేశీయుని స్థిరపడడానికి వస్తున్న వ్యక్తిగానే మొదట భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం వచ్చిన వ్యక్తిదే. హెచ్-1బి, ఎల్ తరగతుల ఉద్యోగులకు ఈ నియమం నుండి మినహాయింపు ఉన్నది. బి-2 సందర్శక వీసాకు మాత్రం లేదు.

హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామి కొరకు ఉద్దేశించినది హెచ్-4 వీసా. ఉద్యోగి హోదా ఉన్నంతకాలం దీనిపై కలిసి నివసించవచ్చును. కొద్ది వారాలు చూసి రావడానికి బి-2 వీసాపై వెళ్ళడం చట్టవిరుద్ధం కాదు. అయితే, కాపురానికి వెళుతూ సందర్శనకని చెప్పడం నిరాకరణకు దారితీస్తుంది.

సాధారణ కారణాలు

* చెప్పిన కారణానికి, సామానులో దొరికిన వస్తువులకు పొంతన లేకపోవడం. రెండు వారాల సందర్శనకని చెప్పినవారి వద్ద విద్యార్హతల ధ్రువపత్రాలు, ఉద్యోగ దరఖాస్తులు కనబడితే అధికారికి సందేహం కలుగుతుంది.
* తిరిగి స్వదేశానికి వెళ్ళవలసిన ఉద్యోగం, చదువు వంటి ఆధారాలు చూపలేకపోవడం.
* గతంలో సందర్శకులుగా వచ్చి దీర్ఘకాలం ఉండిపోవడం, లేదా గడువు మించి ఉండడం.
* జీవిత భాగస్వామి అక్కడ ఉన్న విషయాన్ని దాచడం. ఈ కారణాలన్నిటిలోకి ఇది ప్రమాదకరమైనది.
* హెచ్-4 వీసాదారుల విషయంలో, ఉద్యోగి హెచ్-1బి హోదా కోల్పోయి ఉండడం. ఆధారమైన హోదా పోయినప్పుడు దానిపై ఆధారపడిన హోదా కూడా నిలవదు.

విమానాశ్రయంలో జరిగే ప్రక్రియ

మొదటి అధికారికి సందేహం కలిగినచో ప్రయాణికుని ద్వితీయ తనిఖీకి పంపుతారు. అక్కడ ప్రశ్నలు అడుగుతారు, సామాను పరిశీలిస్తారు. ఫోను, కంప్యూటరు వంటి పరికరాలను కూడా పరిశీలించే అధికారం వారికి ఉన్నది. ఈ దశలో న్యాయవాదిని తోడు ఉంచుకునే హక్కు సాధారణంగా లేదు. బయట ఎదురుచూస్తున్న భర్తకు లేదా భార్యకు లోనికి వచ్చి మాట్లాడే హక్కు ఉండదు.

సత్వర తొలగింపు చేపట్టినప్పుడు ప్రశ్నలు, జవాబులు వాంగ్మూలంగా వ్రాసి సంతకం తీసుకుంటారు. ఆంగ్లం రానివారికి అవసరమైనచో దుభాషి సహాయం కల్పించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఈ వాంగ్మూలం ఆ వ్యక్తి రికార్డులో నిలిచిపోతుంది. కావున పూర్తిగా అర్థం కాకుండా సంతకం చేయడం తరువాతి కాలంలో చిక్కులు తెస్తుంది.

నిరాకరణ రూపాలు

తిరుగు విమానం ఎక్కడం ఒకటే అయినా, ఏ పద్ధతిలో పంపారన్నదానిపై ఆ దంపతుల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

దరఖాస్తు ఉపసంహరణ: ప్రవేశం కొరకు చేసిన అభ్యర్థనను ప్రయాణికుడే విరమించుకొని వెనుదిరగడం. దీనికి అనుమతి ఇవ్వడం అధికారి విచక్షణకు లోబడినది, హక్కు కాదు. వీసా సాధారణంగా రద్దవుతుంది. కానీ కేవలం దీనివలన మళ్ళీ రాకుండా నిషేధం ఏర్పడదు. తగిన వీసాకు మరలా దరఖాస్తు చేసుకోవచ్చును.

సత్వర తొలగింపు: 1996లో చేసిన చట్టం ద్వారా వచ్చి, 1997 ఏప్రిల్ 1 నుండి అమలైన పద్ధతి. న్యాయమూర్తి విచారణ లేకుండానే అధికారి, పై అధికారి ఆమోదంతో, ఆదేశం జారీ చేస్తారు. మొదటిసారి అయితే 5 సంవత్సరాల పాటు ప్రవేశానికి అనర్హత కలుగుతుంది. ఆ లోపు రావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. మోసపూరితంగా అబద్ధం చెప్పారని కూడా నిర్ణయిస్తే, మినహాయింపు లభించనంతవరకు అనర్హత జీవితకాలం కొనసాగుతుంది. ఈ అనర్హతలు హెచ్-4 వీసాకు కూడా అడ్డు వస్తాయి.

తిరిగి తీసుకువెళ్ళే బాధ్యత సాధారణంగా తీసుకువచ్చిన విమాన సంస్థదే. నిరాకరణ వలన ఉద్యోగి హోదా దానంతట అదే రద్దు కాదు. తరువాతి వీసా దరఖాస్తులో, గతంలో ప్రవేశం నిరాకరించబడినదా, దరఖాస్తు ఉపసంహరించుకున్నారా అనే ప్రశ్నకు నిజం వ్రాయవలసి ఉంటుంది.

చరిత్ర, న్యాయస్థానాల తీర్పులు

1924 వలస చట్టం తరువాత, అమెరికా పౌరుల చైనా భార్యలకు ప్రవేశం లేదని 1925లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అదే రోజు వెలువడిన మరొక తీర్పులో, అక్కడ వ్యాపారం చేసుకుంటున్న చైనా వర్తకుల భార్యలకు పూర్వపు ఒప్పందం కారణంగా ప్రవేశం లభించినది. పౌరుని భార్యకు లేని అవకాశం విదేశీ వర్తకుని భార్యకు దక్కినది.

1948లో అమెరికా పౌరుడైన భర్తతో కలిసి ఉండడానికి వచ్చిన జర్మనీ మహిళ ఎల్లెన్ నాఫ్‌ను, రహస్య సమాచారం ఆధారంగా, విచారణ లేకుండా నిరాకరించారు. 1950లో సుప్రీం కోర్టు 4-3 మెజారిటీతో దానిని సమర్థించినది. తరువాత విచారణ జరిగి, 1951లో ఆమెకు ప్రవేశం లభించినది. 2024లో మునోజ్ కేసులో అదే న్యాయస్థానం, విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరుల ప్రాథమిక హక్కు కాదని 6-3 మెజారిటీతో తీర్పు ఇచ్చినది. పౌరులకే లేని హక్కును తాత్కాలిక ఉద్యోగులు కోరడం మరింత కష్టం.

బ్రిటన్‌లో స్థిరపడిన ముగ్గురు మహిళలు తమ భర్తల విషయమై వేసిన అబ్దుల్ అజీజ్ కేసులో, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1985 మే 28న లింగ వివక్ష జరిగినదని తేల్చినది. బ్రిటన్ ప్రభుత్వం భర్తలకు నియమాలను సడలించడానికి బదులు, భార్యలకు కూడా అవే కఠిన నియమాలను వర్తింపజేసినది.

తెలుగువారు

భారతదేశం అమెరికా వీసా మినహాయింపు పథకంలో లేదు. కావున స్వల్పకాల సందర్శనకు కూడా వీసా తప్పనిసరి. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ప్రారంభం కాకముందు తెలుగువారు వీసా కొరకు చెన్నై వెళ్ళేవారు. సెలవుపై వచ్చి వివాహం చేసుకొని ఉద్యోగి తిరిగి వెళ్ళడం, కొత్త పెళ్ళికూతురు లేదా పెళ్ళికొడుకు హెచ్-4 వీసా కొరకు పుట్టింట వేచి ఉండడం పరిపాటి. ఆ నిరీక్షణ భరించలేక, చేతిలో ఉన్న సందర్శక వీసాతో కాపురానికి బయలుదేరితే, కొన్ని నెలల ఎడబాటు 5 సంవత్సరాల ఎడబాటుగా మారే అవకాశం ఉన్నది.

2020 జూన్‌లో వెలువడిన అధ్యక్ష ప్రకటన హెచ్-1బి, హెచ్-4 వంటి కొత్త వీసాలపై ప్రవేశాన్ని నిలిపివేసినది. 2021 మార్చి 31 వరకు అమలులో ఉన్న ఆ ప్రకటన వలన, ఏ తప్పూ చేయని దంపతులు కూడా వేర్వేరు దేశాలలో చిక్కుకుపోయారు.