ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

కారు ఆపి దిగగానే కాలిన ఆయిల్ వాసన వస్తోందా? బానెట్ ఎత్తి ఇంజన్ పైమూత అంచు చూడండి. అక్కడ నల్లటి జిడ్డు, దానిమీద దుమ్ము పేరుకుని ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడిందనే అనుకోవాలి. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా స్పేర్ పార్టుల దుకాణంలో ‘ట్యాపెట్ కవర్ ప్యాకింగ్’ అనండి. బండి మోడల్, సంవత్సరం చెప్పండి. అక్కడి భాష అంతంతమాత్రంగా వచ్చినా పని జరిగిపోతుంది.

‘గ్యాస్కెట్ పోయింది’ అని మెకానిక్ అంటే, ఏ గ్యాస్కెట్ అని తప్పకుండా అడగండి. హెడ్ గ్యాస్కెట్ వేరు. అది సిలిండర్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉంటుంది. మార్చాలంటే హెడ్డు దించాలి, ఖర్చూ ఎక్కువే. కూలెంట్ తగ్గిపోవడం, తెల్లటి పొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలలా మారడం దాని లక్షణాలు. మనం మాట్లాడుతున్నది పైమూత కింది రబ్బరు పట్టీ గురించే. అలాగని వదిలేయకూడదు. కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే పొగ వస్తుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. ప్లగ్గుల గుంతల్లోకి దిగితే ఇంజన్ మిస్ కొడుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, మూత చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో తుడవండి. ప్లగ్ వైర్లు అడ్డమైతే, వాటికి వరుస నంబర్లు అంటించాకే తీయండి. బ్రీతర్ పైపు, బోల్టులు విప్పాక మూత రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, అంచు గీతలు పడుతుంది. చెక్కముక్కతో పక్కనుంచి మెల్లగా తట్టితే చాలు. లోపల రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో కప్పండి. ఒక్క వాషర్ లోపల పడిందంటే ఆదివారమంతా దాన్ని వెతకడంతోనే సరి!

పాత ప్యాకింగ్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. గరుకు కాగితం వద్దు, ఆ పొడి ఆయిల్‌లో కలుస్తుంది. బోల్టుల కింది రబ్బరు వాషర్లు, ప్లగ్ గొట్టాల సీళ్ళు ఉంటే అవీ ఇప్పుడే మార్చేయండి. కొత్త రబ్బరు ప్యాకింగును పొడిగానే పెట్టాలి. సిలికాన్ పేస్టు మాన్యువల్ చెప్పిన మూలల్లో మాత్రమే, చుక్కంత. చుట్టూ పూస్తే అదనంగా ఉన్నది ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడవచ్చు.

అసలు పని చెడేది బిగింపులోనే. 2014లో తయారీ ఆగిన మారుతి 800 లాంటి బండి మీద మేమూ ఆ తప్పు చేశాం. కారకూడదని బలంగా బిగిస్తే రబ్బరు పక్కకు జారి ముందుకన్నా ఎక్కువ కారింది. చాలా చిన్న కార్లలో ఈ బోల్టులకు 10 న్యూటన్ మీటర్లో, అంతకన్నా తక్కువో సరిపోతుంది. చక్రం నట్టుకు పెట్టే బలంలో అది పదో వంతు. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో చూడండి. మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. అతిగా తిప్పితే అల్యూమినియం మరలు అరిగిపోతాయి.

తర్వాత పది నిమిషాలు ఇంజన్ నడిపి టార్చితో అంచు చూడండి. మానిఫోల్డ్ మీద మిగిలిన పాత ఆయిల్ కాసేపు పొగ చిమ్ముతుంది, కంగారు పడొద్దు. వారాల్లోనే మళ్ళీ కారితే బోల్టుల జోలికి పోకుండా పీసీవీ వాల్వు, బ్రీతర్ పైపు చూడండి. అవి మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడికి ఎంత కొత్త ప్యాకింగైనా నిలవదు.