జట్టుగా దేశాంతరవాసము

ఈ అయిదారేండ్లుగా మన కుటుంబములలో ఒక కొత్త ముచ్చట వినబడుచున్నది. ఉద్యోగము చేయుచున్న పిల్లలు నలుగురైదుగురు కలిసి, సెలవు పెట్టకుండగనే, బాంకాకుకో బాలికో దుబాయికో పోయి, ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, మూడు నాలుగు వారములుండి వచ్చుచున్నారు. పగలు ల్యాప్‌టాపు ముందర కూర్చుండి హైదరాబాదు కంపెనీ పనో పుణే కంపెనీ పనో చేసెదరు. సాయంకాలము ఊరు చూచెదరు. ఇంటి పెద్దలు "ఇది ఉద్యోగమా, విహారమా?" అని అడుగుచున్నారు. పిల్లలు "ఇది కొత్తకాలము, మీకు తెలియదు" అనుచున్నారు. మేము చూచినంతలో ఈ రెండు మాటలలోను సగమే నిజమున్నది. జట్టుకట్టి పరాయిచోటికి పోయి, ఒక కప్పుక్రింద ఉండి, పనిచేసుకొని తిరిగివచ్చుట మనవారికి తాతలనాటి విద్య. పూర్వము మనిషి పని వెంట పోయెడివాడు. ఇప్పుడు పని మనిషి వెంట పోవుచున్నది. కొత్తదనమంతయు అక్కడనే ఉన్నది.

ఈ కథను నాందేడు జిల్లాలోని హిమాయత్‌నగరునుండి చెప్పుట మంచిదని మాకు తోచినది. పాతవారు దీనిని వాఢోణా అందురు. పరమేశ్వరుని గుడి గల ఊరు. పైనుగంగకు దాపున ఉన్నది. ఒక వంక కిన్వట్టు దాటితే ఆదిలాబాదు, మరొక వంక భోకరు, ధర్మాబాదు దాటితే బాసర. మాహూరు రేణుకమ్మకు మొక్కుకొని తెలుగువారు వచ్చునది ఈ సీమకే. ఈ భాగములలోని తెలుగు కుటుంబములకు ఇంట తెలుగు, బజారున మరాఠీ, నిజాముకాలపు కచ్చేరీలో ఉర్దూ. అనేకుల ఇంటిపేర్ల చివర "వార్" అని వినబడును. మన చెవికి అది "వారు" అనియే తోచును.

ఈ ఊరివారు కదలలేదు, హద్దు కదిలినది. 1948 సెప్టెంబరు వరకు నిజాము రాజ్యము. తరువాత ఎనిమిదేండ్లు హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రము మూడు ముక్కలైనప్పుడు మరాఠ్వాడాతోపాటు బొంబాయి రాష్ట్రములో చేరినది. 1960 మే 1నుండి మహారాష్ట్రము. ఇంటి అరుగుమీద కూర్చున్నవాడు కూర్చున్నట్లే ప్రవాసాంధ్రుడైనాడు! అయినను రైలుదారి ఈ హద్దును లెక్కచేయలేదు. ఆదిలాబాదునుండి తిరుపతికి పోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్సు కిన్వట్టు, హిమాయత్‌నగరు, భోకరు మీదుగా ముద్ఖేడు చేరి, అక్కడినుండి బాసర, నిజామాబాదుల దారి పట్టును. ఆదిలాబాదువారు రైలులో సికింద్రాబాదు చేరవలెనన్న మహారాష్ట్రమును దాటిపోవలసినదే. బొంబాయికి పోవు నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్సు కూడ ఈ స్టేషనుమీదుగనే పోవును. పరాయిసీమ అనగా ఏమి, మనసీమ అనగా ఏమి అను ప్రశ్న ఇచ్చటివారికి పుస్తకములలోనిది కాదు, టిక్కెట్టు మీదిది.

ఈ సరిహద్దుకు ఆవలనున్న తెలంగాణములో ఒక నానుడి కలదు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బ్రతుకుతెరువు వెదకికొనుచు పోయిన మూడు దిక్కులను మూడు మాటలలో ఇమిడ్చినారు.

బొగ్గుబాయి అనగా సింగరేణి. ఇల్లందులో 1889నాటికే బొగ్గు తీయుట మొదలైనది. తరువాతి కాలమున బెల్లంపల్లి, మందమర్రి గనులు ఆదిలాబాదు పల్లెలనుండి మనుషులను పిలిచినవి. అది దేశము దాటని వలస.

బొంబాయి వలస ఇంకను పాతది. నిజాము ఇలాకానుండి పోయి మేడలు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలనిరి. వారుండిన పేటకు కామాఠిపురా అని పేరు పడినది. నేటికిని ఆ పేరు చెరగలేదు. వారి తరువాత నేతపనివారు పోయినారు: కొందరు షోలాపురమునకు, కొందరు భివండి మరమగ్గములకు, కొందరు బొంబాయి బట్టల మిల్లులకు. మిల్లుల పేటలో పదిమంది కలిసి ఒక గది అద్దెకు తీసుకొనెడివారు. పగటి పాళీవాడు రాత్రి పడుకొన్న చాపమీదనే రాత్రి పాళీవాడు పగలు నిద్రించెడివాడు. భోజనము ఖాణావళిలో. అట్లు వండిపెట్టిన స్త్రీలకు అప్పులబాధ తప్పించుటకే 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణా మహిళా మండలమును స్థాపించినది. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో రెండులక్షలకు పైగా కార్మికులు దిగినారు. అనేక మిల్లులు మరల తెరువబడలేదు.

అప్పటికే మూడవ బాయి, దుబాయి, తెరుచుకొన్నది. 1973లో చమురు ధర ఒక్కసారి పెరుగుటతో గల్ఫు దేశములు ఊళ్లకు ఊళ్లు కట్టుకొనసాగినవి. కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాలనుండి పనివారు బయలుదేరినారు. వారి రక్షణకని 1983లో మన ప్రభుత్వము వలసల చట్టము చేసినది. అయినను అప్పుచేసి ఏజెంటుకు కట్టుట, అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టుట, కఫాలా పద్ధతిలో ఆ ఒక్క యజమానివద్దనే పనిచేయవలసివచ్చుట, ఇవన్నియు మన ఇండ్లలో తెలిసిన కథలే.

ఈ మూడుచోట్లను మనిషిని నిలబెట్టినది జట్టు. గదిలో వంటకు వంతులుండెడివి. నెల చివర ఖర్చు లెక్క అందరియెదుట చదువవలెను. ఒకనికి జ్వరము వచ్చిన ఒకడు పని మానుకొని ప్రక్కన కూర్చుండవలెను. చదువువచ్చినవాడు తక్కినవారి ఉత్తరములు వ్రాయవలెను. గల్ఫులో ఒకడు కన్నుమూసిన గదివారందరు చందాలు వేసికొని దేహమును ఇంటికి పంపిన సందర్భములు అనేకము. చట్టము, యజమాని ఆదుకొననిచోట తోటివాడే చట్టము, తోటివాడే చుట్టము.

ఇక పని మనిషి వెంట పోవుట ఎట్లు వచ్చినది? 1973లో, అనగా గల్ఫు తలుపులు తెరిచిన ఏడే, అమెరికాలో జాక్ నిల్స్ అను ఇంజనీరు, మనిషిని ఆఫీసుకు తెచ్చుటకంటె పనిని తంతిమీద ఇంటికి పంపుట చవుక అని వాదించి, ఆ పద్ధతికి పేరు పెట్టినాడు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ బెంగుళూరులో కార్యాలయము తెరచి, ఉపగ్రహముద్వారా పనిని అమెరికాకు పంపనారంభించినది. 1991లో సాఫ్ట్‌వేరు టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడినది. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ తెరువబడినది. పని సముద్రము దాటుచుండెను గాని మనిషి మాత్రము కుర్చీ విడువలేదు.

కుర్చీని విడిపించినది 2020 మార్చినాటి లాక్‌డౌను. ఆ రోజులలో రెండు దృశ్యములు చూచితిమి. ల్యాప్‌టాపు గలవాడు పట్టణమునుండి ఊరికి వచ్చి, ఇంటి వసారాలో కూర్చుండి జీతము తీసికొన్నాడు. చేతిపని తప్ప మరొకటి లేనివాడు జీతము పోగొట్టుకొని, మూట నెత్తిన పెట్టుకొని, హైదరాబాదునుండియు బొంబాయినుండియు నడిచివచ్చినాడు. ఈ రెండవవాని కథను మరచి మొదటివాని కథనే చెప్పుకొనుట న్యాయము కాదు. ఆ ఏడు నవంబరులో టెలికాం శాఖ నిబంధనలను సడలించి, కాల్ సెంటర్ల వంటి సంస్థలవారు ఇంటినుండియేగాక దేశములో ఎక్కడినుండియైనను పనిచేయవచ్చుననినది. "దేశములో" అను మాటను గమనింపవలెను. దేశము దాటుట వేరు విషయము.

ఆ విషయమును ఇతర దేశములు ఎత్తుకొన్నవి. యాత్రికులు రాక ఖాళీపడిన బార్బడోస్ ద్వీపము 2020 జూలైలో, ఎస్టోనియా ఆగస్టులో, దుబాయి అక్టోబరులో, తమ పనిని వెంట తెచ్చుకొనువారికి ప్రత్యేక అనుమతులు ప్రకటించినవి. 2024 జూలైలో థాయిలాండు ఆరంభించిన వీసా అయిదేండ్లు చెల్లును, ఒక్కొక్కమారు నూటఎనుబది దినములవరకు ఉండవచ్చును. అయిదులక్షల బాత్‌ల సొమ్ము చూపవలెను. అదే ఏడు జపాను కూడ ఇట్టి అనుమతి తెచ్చినది గాని, ఆరంభపు జాబితాలో మన దేశము లేదు. ఈ వీసాల షరతులు చూడుడు: ఇక్కడివానివద్ద పనిచేయరాదు, జీతము బయటినుండియే రావలెను. తండ్రి గల్ఫుకు పోయిన వీసా దీనికి సరిగా తలక్రిందులు: అక్కడి యజమానికి తప్ప మరెవ్వరికిని పనిచేయరాదు. ఒకే దుబాయి, ఒకే ఇంటినుండి పోయిన ఇరువురు, ఎంత తేడా! తండ్రి చెమట కొడుకునకు కొనిపెట్టినది ఈ తేడాయే అని మా నమ్మకము.

కనుక పిల్లలు పోవుట తప్పని మేమనము. పోవునప్పుడు పాత జట్టువారి నీతిని కూడ సంచిలో పెట్టుకొనవలెనందుము. మొదటిది కాగితము. విహారపు వీసామీద పోయి పనిచేయుటను అన్ని దేశములు ఒప్పుకొనవు. కంపెనీలు కూడ తమ లెక్కలను, రహస్యములను దేశము దాటించుటకు ముందుగా అనుమతి కోరును. ఈ రెండును వ్రాతమూలకముగా తెలిసికొని బయలుదేరవలెను. రెండవది లెక్క. అద్దె, బియ్యము, ఇంటర్నెట్టు ఖర్చు మొదటిరోజుననే పంచుకొనవలెను. స్నేహము చెడునది పెద్ద సొమ్ముకు కాదు, చిల్లరకు. మూడవది గడియారము. బాంకాకు మనకంటె గంటన్నర ముందు, దుబాయి గంటన్నర వెనుక. ఒకడు పనిలోనుండగా మరొకడు పాటపెట్టరాదు. నాలుగవది జబ్బు. భీమా చీటీ ఎక్కడనున్నదో నలుగురికిని తెలిసియుండవలెను.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. పూర్వము మనవారు పోయినచోట పని వారిని ఆ ఊరితో ముడివేసెను. కామాటీ మరాఠీ నేర్చెను, గల్ఫు పనివాడు అరబ్బీ ముక్కలు నేర్చెను. మలయాలో 1955లోనే మనవారు ఆంధ్ర సంఘము పెట్టుకొన్నారు. మారిషసులో ఉగాది నేటికిని ప్రభుత్వ సెలవుదినము. నేటి కొద్దివారముల పని ఆ ఊరినుండి గదిని, తీగను తప్ప మరేమియు అడుగదు. అందుచేతనే ఊరికిని మనిషికిని నడుమ అద్దె ఒక్కటే మిగులుచున్నది. 2025 జూలైలో మెక్సికో నగరమున స్థానికులు, ఇట్టి పరదేశీయులవలన అద్దెలు పెరిగి తాము వెళ్లగొట్టబడుచున్నామని వీధికెక్కినారు. వారి మాట మనకు అర్థము కాకపోదు. పట్టణములలో గది దొరకక తిరిగినవారి బిడ్డలము మనము. ఏ ఊరికి పోయినను ఆ ఊరి భాషలో పది మాటలు నేర్చుడు, ఆ ఊరి బజారులో కొనుడు, ప్రక్కింటివాని పేరు తెలిసికొనుడు.

హిమాయత్‌నగరులో ఉగాది, గుడిపాడవ ఒకే దినమున వచ్చును. ఒక ఇంటిలో ఆరు రుచుల పచ్చడి, ప్రక్క ఇంటిమీద గుడి, రెండిండ్లలోను వేపయే. హద్దు ఎటు జరిగినను ఇరుగుపొరుగును విడువని ఆ ఊరివలె, దేశమెటు పోయినను మన పిల్లలు మంచి పొరుగువారై మెలగుదురుగాక.