ఆంగ్లమున బనగానపల్లె నామము : రూపము, వ్యవహారము

స్థలనామము పరభాషను చేరునపుడు కలుగు మార్పులు రెండు తెఱగులు. పలుకునందు కలుగునది ఒకటి, లిపియందు కలుగునది వేఱొకటి. ఈ రెంటిని విడదీసి చూడనిచో నామచరిత్ర తప్పుదారి పట్టును. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె ఇందుకు మంచి ఉదాహరణము.

1948లో మద్రాసు రాష్ట్రమున విలీనమగు వఱకు ఇది నవాబుల యేలుబడిలోని సంస్థానము. ఆంగ్లేయుల గెజెటీరులలో దీని పేరు ‘బంగనపల్లె’ అని చదువదగిన వర్ణక్రమముతో నున్నది. నకారము మీది అచ్చు అందు లేదు. దీనిని దొరల వికృతి యనుట సులభము. కాని అది సరికాదని మా యభిప్రాయము. ‘కలుగు’ ‘కల్గు’ అగునట్లు, త్వరగా పలుకునపుడు పదమధ్యపు హ్రస్వము లోపించుట తెలుగునకు సహజము. అట్లు గకారమును చేరిన నకారము పూర్ణబిందువగుటయు సహజమే. జనుల నోట మామిడిపండునకు గల ‘బంగినపల్లి’ యను పేరే దీనికి సాక్ష్యము. ఆంగ్లలిపి చేసిన లోపమెల్ల ‘గా’ యందలి దీర్ఘమును మఱుగుపఱచుట. ఆ వర్ణక్రమమునే నమ్మి ఈ పేరును ‘బంగారము’తో ముడిపెట్టుట శాస్త్రసమ్మతము గాదు.

ఇక వ్యవహారము. ప్రభుత్వము పేరును సవరించినను శాస్త్రము, వర్తకము వెంటనే దానిని అనుసరింపవు. కడప పేరునకు ఆంగ్ల వర్ణక్రమమును 2005లో సవరించిరి; భూగర్భశాస్త్రజ్ఞులు అచ్చటి శిలాసముదాయమును నేటికిని పాత వర్ణక్రమముతోనే పేర్కొనుచున్నారు. చైనా ప్రభుత్వము తన విదేశభాషా ప్రచురణలలో 1979 నుండి ‘బీజింగ్’ అను రూపమును వాడుచున్నను, ఆ నగరపు ప్రసిద్ధ విశ్వవిద్యాలయము ఆంగ్లమున ‘పెకింగ్’ పేరునే నిలుపుకొన్నది. బనగానపల్లె విషయమునను ఇట్లే. కర్నూలు శిలావర్గములోని యొక స్తరమునకు శాస్త్రజ్ఞులు హ్రస్వరూపమునే వాడుచున్నారు. మామిడికి 2017లో లభించిన భౌగోళిక సూచిక నమోదులో మాత్రము తెలుగునకు దగ్గఱయైన ‘బనగానపల్లె’ రూపము చేరినది. ఆ పండునకే మచ్చలేనిదను అర్థమున ‘బేనిషాన్’ అను పారసీక నామమును కలదు.

కావున పరిశోధకులు శాసనములను, కైఫీయతులను, స్థానికుల పలుకును ముందు పరిశీలించి, ఆంగ్ల వర్ణక్రమమును తుదకు సాక్షిగా పిలువవలెను. అది వినిన పలుకును కొంత నిలుపును, కొంత మఱుగుపఱచును. వ్యుత్పత్తిని మాత్రము నిర్ణయింపజాలదు.