రూత్ కంటే ముందు: రోజర్ కానర్

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో బేస్‌బాల్ పట్టనివారు చాలామంది ఉండవచ్చు గాని, బేబ్ రూత్ పేరు వినని వారు అరుదు. రూత్ కొట్టిన 714 హోమ్ రన్ల రికార్డును 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ దాటాడు. మరి రూత్ ఎవరిని దాటాడు? రోజర్ కానర్‌ను. 1921 జులైలో రూత్ 139వ హోమ్ రన్ కొట్టేదాకా మేజర్ లీగుల్లో అత్యధికం కానర్ కొట్టిన 138. అప్పటికి కానర్ జీవించే ఉన్నాడు. అయినా ఒక రికార్డు చెరిగిపోయిందన్న సంగతి పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు.

కానర్ 1857 జులై 1న కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో, ఐర్లండ్ నుంచి వలసవచ్చిన కుటుంబంలో పుట్టాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఎడమచేతి వాటం. 1880లో ట్రాయ్ జట్టులో చేరాడు. మరుసటి ఏడాది సెప్టెంబరు 10న వూస్టర్ జట్టుతో ఆట చివరి ఇన్నింగ్స్‌కు వచ్చింది. ట్రాయ్ మూడు పరుగులు వెనకబడి ఉంది, ఇద్దరు అవుటయ్యారు, మూడు బేస్‌ల మీదా ఆటగాళ్ళున్నారు. కానర్ ఒక్క దెబ్బతో నాలుగు పరుగులూ తెచ్చి జట్టును గెలిపించాడు. మేజర్ లీగుల్లో నమోదైన మొదటి గ్రాండ్ స్లామ్ అదే. ఆ బంతి వేసిన లీ రిచ్‌మండ్ సామాన్యుడు కాదు. అంతకు ముందటి ఏడే ఒక్క ప్రత్యర్థినీ బేస్ చేరనివ్వకుండా ఆట ముగించిన తొలి పిచ్చర్.

పద్ధెనిమిది సీజన్లలో 138 అంటే నేటి లెక్కల్లో స్వల్పమే. ఏ సీజన్‌లోనూ కానర్ 17 దాటలేదు. కాని ఆనాటి ఆట వేరు. మెత్తబడి, మాసిపోయిన బంతితోనే చాలాసేపు ఆడేవారు. మైదానాలు విశాలం. క్రికెట్‌లో బౌండరీ తాడును మరో యాభై గజాలు వెనక్కి జరిపితే సిక్సర్లు ఎన్ని పడతాయో ఊహించుకోవచ్చు. అందుకే కానర్ బలం ట్రిపుల్స్‌లో, అంటే బంతిని కొట్టి మూడో బేస్ దాకా పరుగెత్తడంలో ఎక్కువగా కనిపిస్తుంది. అవి 233, నేటికీ ఆ పట్టికలో అతనికంటే ముందున్నవారు నలుగురే. రూత్ వచ్చేనాటికి పరిస్థితి మారుతోంది. 1920 ఆగస్టులో తలకు బంతి తగిలి రే చాప్‌మన్ మరణించాక, మాసిన బంతులను వెంటవెంటనే మార్చడం మొదలైంది. ఒక తలగాయం ఆట తీరును మార్చడానికి తోడ్పడిందన్నమాట.

1883లో కానర్ న్యూయార్క్ చేరాడు. 1885లో .371 సగటుతో లీగ్‌లో ప్రథముడయ్యాడు. 1886 సెప్టెంబరులో పోలో గ్రౌండ్స్ గోడ మీదుగా బంతిని వీధిలోకి కొట్టినప్పుడు, స్టాక్ ఎక్స్ఛేంజ్ సభ్యులు కొందరు చందాలు వేసుకుని అతనికి బంగారు గడియారం బహూకరించారు. 1888, 1889లలో జట్టు విజేతగా నిలిచింది.

బంగారు గడియారం దొరికినా స్వేచ్ఛ దొరకలేదు. రిజర్వ్ క్లాజ్ అనే షరతు వల్ల యజమాని వదిలితే తప్ప ఆటగాడు మరో జట్టుకు పోలేడు. దీన్ని ఎదిరించడానికి 1885లో జాన్ వార్డ్ నాయకత్వాన పుట్టిన ఆటగాళ్ళ తొలి సంఘంలో కానర్ వ్యవస్థాపక సభ్యుడు. 1890లో వారు సొంతంగా ప్లేయర్స్ లీగ్ నడిపారు. అందులో 14 హోమ్ రన్లతో కానరే ముందు నిలిచాడు. ఒక సీజన్‌లో హోమ్ రన్లలో అతను అగ్రస్థానం పొందింది ఆ ఒక్కసారే. లీగ్ మాత్రం ఏడాదికే మూతపడింది. ఆ షరతు మరో ఎనభై ఏళ్ళకు పైగా కొనసాగింది.

1897లో మేజర్ లీగులను విడిచిన కానర్, సొంత ఊళ్ళో చిన్న లీగు జట్టును కొని నడిపాడు. తర్వాత అక్కడే పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. 1931 జనవరి 4న మరణించాడు. సమాధిపై పేరు కూడా చెక్కించలేదు.

అతన్ని వెలికితెచ్చింది లెక్కల పుస్తకాలే. పాత ఆటల వివరాలను కొత్తగా సరిచూసి కూర్చిన బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా 1969లో వెలువడింది. ఆరన్ రూత్‌ను సమీపిస్తున్నకొద్దీ అంతకు ముందటి పేరు కోసం జనం వెదికారు. 1976లో కానర్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 2001లో వాటర్‌బరీ వాసులు డబ్బు పోగుచేసి సమాధి మీద రాయి నిలిపారు.

రోగి చరిత్ర పత్రంలో రాయనిది తర్వాతి వైద్యుడికి జరగనట్టే లెక్క. మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి ఇది. కానర్ విషయంలోనూ అదే జరిగింది. 138 సార్లు బంతిని బాదినవాడు అతనే. అయితే వాటిని ఓపికగా కూడి చూసినవారు లేకపోతే ఆ పేరు మనదాకా వచ్చేది కాదు.