అంబాసిడర్ ఇంజన్: అరిగినవన్నీ పారేయాలా?

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి కారు గురించి. నల్లగొండ, సూర్యాపేట రోడ్ల మీద మా తాత ట్యాక్సీగా తిప్పిన అంబాసిడర్ అది. తాత పోయాక పన్నెండేళ్లు చింతచెట్టు కిందనే ఉంది. పోయినేడు దాని ఇంజన్ విప్పి నేనొక తప్పు చేశా. అది చెప్పేముందు కొంచెం చరిత్ర.

అంబాసిడర్‌ని హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలుపెట్టింది. డిజైన్ బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. కొద్ది రోజులకే 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు, పోత ఇనుము బ్లాక్. 2014 మేలో ఆ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఆగిపోయింది.

లైసెన్స్ రాజ్ రోజుల్లో కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంత కష్టపడి కొన్న బండిని ఇంజన్ అరిగిందని ఎవరు పారేస్తారు? పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది అంటే మెకానిక్‌లు ఒకే మాట అనేవాళ్లు: "బోరుకొచ్చింది."

ఇక్కడే అసలు తెలివి ఉంది. ఈ ఇంజన్ అరుగుతుందని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. సిలిండర్ లోపలి వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. పిస్టన్ రింగు పైకి వెళ్లి ఆగే చోట గోడ ఎక్కువ అరుగుతుంది. మన రోడ్ల దుమ్ము లోపలికి పోతే ఇంకా తొందరగా. అప్పుడు లేత్ షాపులో సిలిండర్‌ని కొంచెం పెద్దగా కోసి, "20 ఓవర్‌సైజ్" పిస్టన్ వేస్తారు. 20 అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, దాదాపు అర మిల్లీమీటరు. మళ్లీ అరిగితే 40. ఆ తర్వాత లోపల కొత్త స్లీవ్ దించి మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. క్రాంక్‌షాఫ్ట్‌ది దీనికి రివర్స్: సానబట్టి సన్నం చేసి, మందమైన బేరింగులు వేస్తారు. బ్లాక్ అదే, క్రాంక్ అదే. మారేది పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు.

మా ఇంజన్ విప్పితే పిస్టన్ల మీద "40" అని ఉంది. అంటే తాత దాన్ని అప్పటికే రెండుసార్లు బోరు కొట్టించాడు. మా నాయన అప్పుడు చెప్పాడు, మొదటిసారి మా అత్త పెళ్లికి దాచిన పైసల్లోంచి తీశాడంట. బండి తిరిగితేనే ఇల్లు గడిచేది కదా.

ఇప్పుడు నా తప్పు. క్యామ్‌షాఫ్ట్ మీద కూర్చునే ఎనిమిది ట్యాపెట్లు తీసి, అన్నీ ఒకే తొట్టిలో కిరోసిన్‌లో పడేశా. శుభ్రంగా కడిగా కూడా! మెకానిక్ చాచా చూసి తల పట్టుకున్నాడు. "కొడుకా, ఏది ఏడికెళ్లి తీసినవ్?" నా దగ్గర జవాబు లేదు.

ఎందుకంటే ప్రతి ట్యాపెట్ తన కింద ఉన్న క్యామ్‌తో కలిసి ఏళ్లపాటు అరిగి, దానికి సరిపోయేలా మారుతుంది. మళ్లీ వాడితే అదే చోట పెట్టాలి. తారుమారైతే రెండూ తొందరగా పాడైపోతాయి. కనెక్టింగ్ రాడ్ల క్యాపులు కూడా అంతే, ఒకదాన్ని ఇంకో రాడ్‌కి బిగించొద్దు. నంబర్లేసి డబ్బాల్లో పెట్టుకుంటే అయిపోయేది. మళ్లీ వాడదగ్గ క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు నా చేతులారా పోయాయి. కొత్తవి కొనాల్సి వచ్చింది.

క్రాంక్ మాత్రం బతికింది. మైక్రోమీటర్‌తో కొలిస్తే ఇంకోసారి సానబట్టేంత లోహం ఉంది, పగుళ్లు లేవు. బ్లాక్‌కి స్లీవులు దించాం. చూడ్డానికి నల్లగా, గీతలు పడి ఉంటే పనికిరాదనుకుంటాం. కానీ ఆ మాట చెప్పాల్సింది కన్ను కాదు, కొలత.

స్టార్ట్ చేసిన రోజు నాయన బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. "గదే సప్పుడు" అన్నాడు, అంతే.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, విప్పేముందు ఫోన్ తీసి ప్రతి పార్ట్ ఫొటో కొట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.